చేరిన మందుతో పాటు దారి తప్పిన మందు లెక్క కూడా చెప్పండి

రోగనిరోధక కణాలకు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ (ఎంఆర్‌ఎన్‌ఏ) మందులు చేరవేసే పనిలో ఉన్న పరిశోధన బృందాలకు, కంపెనీలకు, ఆ ఫలితాలను అచ్చువేసే సైన్స్ పత్రికల సంపాదకులకు,

నమస్కారం.

నేనూ మీలో ఒకదాన్నే. తొమ్మిదేళ్లుగా నా పని ఎంఆర్‌ఎన్‌ఏని కొవ్వు రేణువుల్లో చుట్టి టి కణాలనే రోగనిరోధక కణాల్లోకి పంపడం. ఇన్నేళ్లలో ఎందరో సైంటిస్టులు నన్ను ఎన్నో ప్రశ్నలు అడిగారు. నిద్ర పట్టనివ్వని ప్రశ్న మాత్రం పోయిన ఏడాది ఒక పేషెంటు అడిగారు. ఈ లేఖ రాయిస్తున్నది ఆ ప్రశ్నే.

ఆవిడకి పద్నాలుగేళ్లుగా లూపస్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ ఒంటి మీదికే తిరగబడే జబ్బు అది. మా ప్రయోగాల కోసం మూణ్నెల్లకోసారి వచ్చి రక్తం ఇస్తారు. ఆ రోజు సూది తీశాక, మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని, "నా రక్తంతో మీరు చేసే పనేమిటో ఒకసారి చూపించమ్మా" అన్నారు. లోపలికి తీసుకెళ్లాను. పొద్దున్నే కలిపిన రేణువుల గొట్టం చేతికిచ్చాను. గ్లాసుడు నీళ్లలో ఒక్క పాలచుక్క పడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది అది. లైటుకి ఎదురుగా పెడితే అంచున లేత నీలం మెరుస్తుంది. వేళ్ల కీళ్లు వాచి ఉన్నాయేమో, ఆవిడ దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని చాలాసేపు చూశారు.

తర్వాత కంప్యూటర్‌లో మా ఎలుకల ఫలితం చూపించాను. ప్లీహంలో ఉన్న టి కణాల్లో నూటికి ఎన్ని మా ఎంఆర్‌ఎన్‌ఏని అందుకున్నాయో చెప్పే గ్రాఫ్. మాకు బాగా పేరు తెచ్చిన గ్రాఫ్ అది. ఆవిడ ఆ గీతని వేలితో చూపిస్తూ, "మీరు ఎక్కించిన మందంతా ఈ కణాల్లోకే పోయిందా? మిగతాది ఎటు పోయిందమ్మా?" అని అడిగారు.

ఎక్కువ భాగం కాలేయానికి పోతుందని చెప్పాను.

"అయితే ఆ బొమ్మ కూడా చూపించు."

వెంటనే చూపించలేకపోయాను. బొమ్మ లేక కాదు. మా పేపర్‌కి జతచేసిన అదనపు ఫైల్లో ముప్ఫై ఒకటో పేజీలో ఉంది. వెతికి తీస్తే, టి కణాల గ్రాఫ్ శాతాల్లో ఉంది, కాలేయం గ్రాఫ్ వెలుగు కొలతల్లో ఉంది (ఎంఆర్‌ఎన్‌ఏ అందిన కణాలు వెలిగేలా చేసి, ఆ వెలుగుని కొలుస్తాం). రెండూ పక్కపక్కన పెట్టి పోల్చే వీలే లేదు. ఆ గ్రాఫులు గీసింది నేనే. ఎవరినో మోసం చేయాలని కాదు, మన రంగంలో అందరూ అలాగే గీస్తారు కాబట్టి గీశాను. ఆవిడ ముందు నిలబడినప్పుడు మాత్రం ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

అందుకే మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. టి కణానికి గానీ, బి కణానికి గానీ, ఇంకే రోగనిరోధక కణానికి గానీ మందు చేరిందని రాసేటప్పుడు, ఎక్కించిన మోతాదులో ఎంత వంతు అక్కడికి చేరింది, మిగిలింది ఏ అవయవంలో, ఏ రకం కణాల్లో తేలింది అనే లెక్క కూడా ఇవ్వండి. అదే కొలతలో, అదే బొమ్మలో, పేపర్ లోపలే ఇవ్వండి.

ఈ రంగం బయట ఉన్నవాళ్లు కూడా ఈ లేఖ చదవాలని నా కోరిక. అందుకని కాస్త మొదటినుంచి చెబుతాను. ఎంఆర్‌ఎన్‌ఏ అంటే ఫలానా ప్రొటీన్ తయారు చెయ్యమని కణానికి అందే చీటీ. పని అయ్యాక కణమే దాన్ని చింపేస్తుంది. గంటల్లోనో, కొద్ది రోజుల్లోనో దాని ఆనవాలు ఉండదు, జన్యువులో ఏ మార్పూ మిగలదు. మందుగా దాని గొప్పతనం అదే. కష్టమంతా చేరవేయడంలో ఉంది. వట్టి ఎంఆర్‌ఎన్‌ఏని రక్తంలో వదిలితే అక్కడి ఎంజైములు చూస్తుండగానే ముక్కలు చేస్తాయి. అందుకే దాన్ని సుమారు వంద నానోమీటర్ల కొవ్వు రేణువులో పెడతాం. అందులో నాలుగు రకాల లిపిడ్లు, అంటే కొవ్వులు, ఉంటాయి. కొలెస్టరాల్ ఒకటి, ఫాస్ఫోలిపిడ్ ఒకటి, పైన రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా చూసే పెగ్ లిపిడ్ ఒకటి. అసలు పనంతా నాలుగోదానిది. అది రక్తంలో ఏ విద్యుదావేశమూ లేకుండా ఉంటుంది. కణం రేణువుని మింగి ఎండోసోమ్ అనే సంచిలో వేసుకున్నాక, ఆ సంచిలోని ఆమ్లం తగిలి ధనావేశం తెచ్చుకుంటుంది, సంచి గోడని చెదరగొట్టి చీటీని బయటికి వదులుతుంది. అలా బయటపడేది కూడా చాలా తక్కువ. ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ అనే పొట్టి ఆర్‌ఎన్‌ఏతో 2013లో కొలిచి చూస్తే, కణం మింగినదాంట్లో నూటికి ఒకటి రెండు పాళ్లే సంచి దాటినట్టు తేలింది.

మరి కాలేయమే ఎందుకు? గుండె పంపే రక్తంలో దాదాపు నాలుగో వంతు కాలేయం గుండానే పోతుంది. అక్కడి రక్తనాళాల గోడలకి రేణువులు దూరిపోగలిగేంత రంధ్రాలుంటాయి. వచ్చినదాన్ని వచ్చినట్టు మింగే మాక్రోఫేజ్‌లు శరీరం మొత్తం మీద ఎక్కువగా కాపురముండేది కూడా అక్కడే. వీటన్నిటికీ తోడు ఇంకొకటి జరుగుతుంది. రేణువు రక్తంలో దిగిన కాసేపటికి పైనున్న పెగ్ రాలిపోతుంది. ఆ ఖాళీలో అపోలిపోప్రొటీన్ ఇ వచ్చి కూర్చుంటుంది. రోజూ రక్తంలో కొవ్వుని మోసుకుతిరిగే ప్రొటీన్ అది. కాలేయ కణం దాన్ని చూడగానే ఇది నాకు రావలసిన కొవ్వే అనుకుని తలుపు తీస్తుంది. మనం ఏ చిరునామా రాసి పంపినా, రక్తం దాని మీద కాలేయం చిరునామా అతికిస్తుంది.

టి కణం సంగతి దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. అది చిన్నది. విశ్రాంతిలో ఉన్నప్పుడు లోపలంతా కేంద్రకమే, చుట్టూ పల్చటి అంచుగా కాస్త సైటోప్లాజం. బయటి సరుకు మింగే అలవాటు దానికి పెద్దగా లేదు. ఒకే చోట కూడా ఉండదు. ఏ క్షణంలో చూసినా శరీరంలోని లింఫోసైట్లలో (టి, బి కణాలు ఈ కుటుంబానివే) నూటికి రెండు పాళ్లే రక్తంలో ఉంటాయి. మిగతావన్నీ లింఫ్ గ్రంథుల్లో, ప్లీహంలో, ఎముక మజ్జలో, పేగు గోడల్లో ఉంటాయి. రక్తం చుక్క తీసి అందులో టి కణాలు వెలిగాయని చూపిస్తే, అది ఆ రెండు పాళ్ల కథే అవుతుంది.

ఇంత కష్టమైనా ఈ పని వదలకూడదని నేను గట్టిగా నమ్ముతాను. కారణం కార్-టి చికిత్స. రోగి టి కణాలు బయటికి తీసి, వైరస్ సాయంతో వాటికి కార్ అనే కొత్త గ్రాహకం అమర్చి, పెంచి, తిరిగి ఎక్కించే పద్ధతి అది. 2017లో రక్త క్యాన్సర్‌కి తొలి అనుమతి వచ్చింది. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో గియోర్గ్ షెట్ బృందం అదే పద్ధతిని లూపస్ మీద ప్రయోగించింది. 2021లో ఒక యువతికి ఇచ్చిన ఫలితం వెల్లడించారు, మరుసటి ఏడాది ఐదుగురివి, 2024లో పదిహేను మందివి. ఆ పదిహేను మందిలో ఎనిమిది మందిది లూపస్, మిగతావాళ్లవి ఇతర ఆటోఇమ్యూన్ జబ్బులు. ఎనిమిది మంది లూపస్ రోగులకీ జబ్బు లక్షణాలు పూర్తిగా తగ్గాయి. పదిహేను మందీ రోగనిరోధక శక్తిని అణిచే మందులు మానేయగలిగారు. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మింగినవాళ్లకి ఆ వాక్యం ఎలా వినిపిస్తుందో మనం ఊహించగలం.

కానీ ఆ దారి పొడవునా అడ్డంకులే. ఒక్కో రోగి కణాలతో విడిగా మందు తయారు చేయాలి. అందుకు వారాలు పడుతుంది, ఖర్చు విపరీతం. ఎక్కించే ముందు కీమోథెరపీ ఇచ్చి ఉన్న లింఫోసైట్లని తగ్గించాలి. వైరస్ పెట్టిన జన్యువు కణంలో శాశ్వతంగా ఉండిపోతుంది. తర్వాత టి కణాల క్యాన్సర్లు వచ్చే ప్రమాదం గురించి మందు పెట్టె మీదే హెచ్చరిక వేయాలని 2024 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కోరింది. అదే పని ఒక సూదితో, ఒంట్లోనే, కొన్నాళ్లకి చెరిగిపోయే ఎంఆర్‌ఎన్‌ఏతో జరిగితే? 2022 జనవరిలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ బృందం ఎలుకల్లో అదే చేసి చూపింది. టి కణాల మీదుండే సీడీ5 అనే గుర్తుని పట్టుకునే యాంటీబాడీని రేణువులకు అంటించి, ఒంట్లోని టి కణాలనే కార్-టి కణాలుగా మార్చారు. అవి గుండెలో మచ్చ కట్టించే కణాలని వెతికి చంపాయి, గుండె పనితీరు మెరుగుపడింది, వారం తిరిగేసరికి ఆ కార్ కనబడలేదు. ఆ పేపర్ వచ్చిన రాత్రి నేను దాన్ని రెండుసార్లు చదివాను. 2025లో సీడీ8 గుర్తుని పట్టుకునే రేణువులతో కోతుల్లో బి కణాలను (లూపస్‌లో ఒంటి మీదికే తిరగబడే యాంటీబాడీలు పుట్టేది వీటినుంచే) తుడిచిపెట్టిన పేపర్ వచ్చింది. అదే ఏడాది చైనాలో ఐదుగురు లూపస్ రోగులకు ఈ తరహా మందు ఇచ్చిన తొలి ఫలితాలు బయటికొచ్చాయి.

అంటే ఇది ఎలుకల బోనుల దగ్గర ఆగే విషయం కాదిప్పుడు. మనుషుల నరాల్లోకి వెళ్తోంది. మిగతాది ఎటు పోయిందన్న ప్రశ్నకి ఇంత బరువు రావడానికి కారణం అదే.

టీకాతో పోల్చి చూడండి. భుజం కండరంలో వేసే కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల తొలి మోతాదులు ఒకదాంట్లో 30 మైక్రోగ్రాములు, ఇంకోదాంట్లో 100. అందులో ఎక్కువ భాగం కండరంలో, దగ్గరి లింఫ్ గ్రంథుల్లో ఉండిపోతుంది. అక్కడ పని చేయడమే కావాల్సింది కూడా. రక్తంలోకి ఎక్కించే మందుల కొలత వేరు. 2018లో అనుమతి పొందిన పాటిసిరాన్ ఇదే రకం రేణువుల్లో వచ్చే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ మందు. మోతాదు కిలోకి 0.3 మిల్లీగ్రాములు. డెబ్భై కిలోల మనిషికి 21 మిల్లీగ్రాములు, మూడు వారాలకోసారి. ఎక్కించే ముందు రియాక్షన్ రాకుండా స్టెరాయిడ్, పారాసిటమాల్, అలర్జీ మందులు ఇవ్వాలి. ఆ మందు వెళ్లాల్సింది కాలేయానికే కాబట్టి దాని లెక్క సూటిగా తేలింది. మన మందు వెళ్లాల్సింది ఇంకో చోటికి. మనకి పక్కచూపుగా కనిపించేదే మోతాదులో పెద్ద వాటా కావచ్చు.

లూపస్ రోగుల విషయంలో ఇంకో మెలిక ఉంది. మీరందరూ దీని మీద ఎక్కువసేపు ఆగాలని నా ఆశ. ఎండోసోమ్ లోపల టీఎల్‌ఆర్7 అనే కాపలాదారు ఉంటుంది. ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ కనబడితే వైరస్ వచ్చిందేమోనని గంట కొడుతుంది. ఆ గంట విని ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రొటీన్ పొంగుతుంది. కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్‌లకు 2023లో నోబెల్ తెచ్చిన పని ఈ గంట గురించే. ఆర్‌ఎన్‌ఏ అక్షరాల్లో చిన్న మార్పు చేస్తే కాపలాదారు పట్టించుకోడని వాళ్లు 2005లో చూపారు. ఇప్పుడు లూపస్ వైపు నుంచి చూడండి. చాలామంది లూపస్ రోగుల్లో ఇంటర్‌ఫెరాన్ ముందే పొంగి ఉంటుంది. డీఎన్‌ఏకి, ఆర్‌ఎన్‌ఏని అంటిపెట్టుకుని ఉండే ప్రొటీన్లకి వ్యతిరేకంగా యాంటీబాడీలు తిరుగుతుంటాయి. టీఎల్‌ఆర్7 జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల ఒక బాలికకి లూపస్ వచ్చిందని 2022లో రుజువైంది. అదే మార్పు పెట్టిన ఎలుకలకీ లూపస్ వచ్చింది. టీఎల్‌ఆర్7ని దండిగా పెట్టుకుని, ఇంటర్‌ఫెరాన్‌ని కుమ్మరించేవి ప్లాస్మసైటాయిడ్ డెండ్రైటిక్ కణాలు.

మన రేణువుల్లో ఎంత వంతు ఆ కణాల చేతిలో పడుతోంది? అక్షరాలు మార్చినా, తయారీలో మిగిలిపోయే జంటపోగు ఆర్‌ఎన్‌ఏ మలినం అక్కడ ఏం చేస్తోంది? ఆరోగ్యంగా ఉన్న ఎలుకలో చేసిన ప్రయోగం దీనికి జవాబివ్వదు. ప్లీహంలో టి కణాలు ఇన్ని వెలిగాయన్న గ్రాఫ్ అసలే ఇవ్వదు. నా చేతిలోని గొట్టాన్ని అరచేతుల మధ్య పట్టుకున్న ఆవిడకి ఆ జవాబు కావాలి. లేకపోతే జబ్బుని ఆపాల్సిన మందే జబ్బుని రెచ్చగొట్టదని ఆవిడకి నేనేం చెప్పి ధైర్యం ఇవ్వను?

మోస్తున్న చీటీని బట్టి కూడా ఈ లెక్క బరువు మారుతుంది. కాలేయ కణం పొరపాటున నాలుగు రోజులు కార్ తయారు చేస్తే, ఆ కణం దాంతో ఎవరినీ చంపలేదు. పని దండగ, కాలేయానికి కాస్త భారం, అంతేనేమో. అదే చీటీలో జన్యువుని కోసే ఎంజైము ఉంటే, ఎంఆర్‌ఎన్‌ఏ చెరిగిపోయినా కోత మిగిలిపోతుంది. వాపుని పెంచే సైటోకైన్ అనే సంకేత ప్రొటీన్ ఉంటే, దారి తప్పిన చోటల్లా మంట రేగుతుంది. ఎంఆర్‌ఎన్‌ఏ తాత్కాలికం కాబట్టి సురక్షితం అని మనం అలవాటుగా రాసే వాక్యం అన్ని చీటీలకీ ఒకేలా నప్పదు.

లెక్కలు ఎలా జారిపోతాయో బయటివాళ్లకన్నా మనకే బాగా తెలుసు. క్రీ రిపోర్టర్ ఎలుకల్నే తీసుకోండి. ఆ ఎలుకల కణంలోకి మన ఎంఆర్‌ఎన్‌ఏ పిసరంత వెళ్లి కాస్త ఎంజైము తయారైనా చాలు, ఒక స్విచ్ తిరిగి ఆ కణం ఇక బతికినన్నాళ్లూ ఎర్రగా వెలుగుతుంది. ఎక్కడికైనా చేరిందా లేదా అని పట్టడానికి అంతకన్నా మంచి సాధనం లేదు. ఎంత చేరిందో మాత్రం అది చెప్పదు. చికిత్సకి చాలినంత అందిన కణమూ, నామమాత్రంగా అందిన కణమూ అక్కడ ఒకే రంగు. కొందరు రేణువు కొవ్వుకి రంగు అంటించి దాన్ని వెతుకుతారు. రంగు కొవ్వుతో పాటు ఊడి వేరే చోటికి పోవచ్చు. రంగు చేరినంత మాత్రాన ఎంఆర్‌ఎన్‌ఏ చేరినట్టు కాదు, ఎంఆర్‌ఎన్‌ఏ చేరినంత మాత్రాన ప్రొటీన్ తయారైనట్టూ కాదు. మూడూ మూడు లెక్కలు. ఒకదాని అంకె తెచ్చి ఇంకోదాని కింద రాయొద్దు.

విశ్రాంతిలో ఉన్న టి కణాల సంగతీ అంతే. వాటిని పళ్లెంలో యాంటీబాడీ పూసలతో రెండు రోజులు రెచ్చగొడితే ఉబ్బి పెద్దవవుతాయి, మింగడం మొదలుపెడతాయి, మన అంకెలు చక్కగా వస్తాయి. రోగి ఒంట్లో ఉన్న టి కణాల్లో అత్యధిక భాగం అలా ఉండవు. అందుకే 2025లో మెల్‌బోర్న్ బృందం చేసిన పని నాకు ఎంతో విలువైనదిగా అనిపించింది. హెచ్‌ఐవీ దాక్కునేది విశ్రాంతి టి కణాల్లోనే. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు ఇచ్చిన కణాల్లోకి, వాటిని రెచ్చగొట్టకుండానే, కొత్త రకం రేణువుతో ఎంఆర్‌ఎన్‌ఏ పంపి దాగిన వైరస్‌ని బయటికి రప్పించారు. అది ఇంకా ప్రయోగశాల పళ్లెంలో చేసిన పనే. ఐనా కష్టమైన కణాన్ని కష్టమైన స్థితిలోనే పరీక్షించారు.

రెండో సూది గురించి ఒక్క మాట. పెగ్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టినవారిలో, తర్వాతి మోతాదు రేణువులు మాక్రోఫేజ్‌ల నోట్లోకి ఇంకా తొందరగా పోవచ్చు. మొదటి సూది లెక్క మూడో సూదికి చెల్లకపోవచ్చు. ఎంఆర్‌ఎన్‌ఏ తాత్కాలికం కాబట్టి మళ్లీ మళ్లీ ఇవ్వొచ్చు అని రాసేవాళ్లు, మళ్లీ ఇచ్చినప్పుడు ఎక్కడికి పోయిందో కూడా చూపించాలి.

నా మాటకి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. కొన్ని నా నోటినుంచే వచ్చినవి. నూటికి ఒక పాలు కూడా చేరలేదని పైకి రాస్తే డబ్బిచ్చేవాళ్లు వెనక్కి పోతారని, పోటీదారుల పేపర్ ముందు మన పేపర్ వెలవెలబోతుందని టెన్షన్. ఆ టెన్షన్ నిజమైనదే. ప్రాజెక్టు ఆగిపోతే ఉద్యోగాలు పోయేది కుర్రవాళ్లకి. అందుకే సంపాదకులను విడిగా అడుగుతున్నాను. ఒక బృందం మాత్రమే పూర్తి లెక్క చెబితే ఆ బృందమే నష్టపోతుంది. మీరు అందరినీ అడిగితే ఎవరికీ నష్టం లేదు. టి కణాల అంకె పక్కనే కాలేయం అంకె, మాక్రోఫేజ్‌ల అంకె అదే కొలతలో లేని పేపర్‌ని సమీక్షకి పంపకండి. ఇప్పటికే బొమ్మల అసలు ఫైళ్లు, కణాలను వేరుచేసిన పద్ధతి అన్నీ అడుగుతున్నారు. దీన్నీ వాటిలో చేర్చండి.

కంపెనీలవాళ్లు ఇవన్నీ వ్యాపార రహస్యాలంటారు. మీ లిపిడ్ నిర్మాణం మీ రహస్యమే, ఉంచుకోండి. ఏ నిష్పత్తిలో కలిపారో, ఏ వేగంతో కలిపారో, అదీ మీదే. ఆ రేణువు ఒక మనిషి నరంలోకి దిగాక ఎటు పోయిందన్నది మాత్రం ఆ మనిషి విషయం. నియంత్రణ సంస్థలకి మీరు ఎలాగూ జంతువుల్లో మందు ఎటు పోయిందో నివేదిక ఇస్తారు. దాన్ని ట్రయల్‌కి సంతకం పెట్టే రోగికి అర్థమయ్యే భాషలో, ఒక పేజీలో, ఒక బొమ్మతో ఇవ్వండి. అది చదివి సంతకం పెట్టేవాళ్లు తగ్గిపోతారని నేను అనుకోను. ఆవిడ ఆ రోజు కాలేయం మాట విని భయపడలేదు. బొమ్మ చూపించమన్నారు.

దారి తప్పిన లెక్క బయటపెడితే ఈ రంగం కుంగిపోతుందనే మాట నేను ఒప్పుకోను. ఈ రంగం ముందుకు నడిచింది ఆ లెక్క వల్లే. రేణువులు కాలేయానికే ఎందుకు పోతున్నాయని విసుక్కోకుండా వెతికినవాళ్లకి 2010లో అపోలిపోప్రొటీన్ ఇ పాత్ర తేటపడింది. కాలేయానికి మందు చేర్చే దారి అప్పుడు పూర్తిగా అర్థమైంది. 2016లో జర్మనీ బృందం ఆర్‌ఎన్‌ఏకీ కొవ్వుకీ మధ్య పాళ్లు మార్చుకుంటూ, ప్రతిసారీ ఒళ్లంతా ఎక్కడ వెలిగిందో చూస్తూ పోయింది. మొత్తం మీద రుణావేశం ఉండేలా చేస్తే ఆ రేణువులు ప్లీహంలోని డెండ్రైటిక్ కణాలకు (శత్రువు ఆనవాలుని టి కణాలకు చూపించేవి ఇవే) చేరుతున్నాయని తేలింది. క్యాన్సర్ టీకాల్లో ఒక దారి అలా తెరుచుకుంది. 2020లో డేనియల్ సీగ్‌వర్ట్ బృందం నాలుగు లిపిడ్లకు ఐదోది చేర్చి చూసింది. ధనావేశం ఉన్నదైతే ఊపిరితిత్తులకి, రుణావేశం ఉన్నదైతే ప్లీహానికి. టి కణం ఒక్కదాన్నే చూస్తూ కూర్చుంటే వీటిలో ఏదీ దొరికేది కాదు. ముఖ్యంగా కాలేయంలో ఉండే మైక్రోఆర్‌ఎన్‌ఏ-122 అనే పొట్టి ఆర్‌ఎన్‌ఏకి చిక్కే వరుసని ఎంఆర్‌ఎన్‌ఏ తోకలో పెడితే, చీటీ కాలేయ కణానికి చేరినా అక్కడ చదవబడదు. ఆ ఉపాయం వాడాలన్నా ముందు కాలేయానికి ఎంత పోతోందో ఒప్పుకోవాలి కదా.

ఇంకో సంగతి చెబితే మీలో చిన్నవాళ్లు ఆశ్చర్యపోతారేమో. కొవ్వు బుడగల్లో పెట్టి ఎంఆర్‌ఎన్‌ఏని కణాల్లోకి పంపిన తొలి ప్రయోగాల్లో ఒకటి 1978లో జరిగింది. కుందేలు గ్లోబిన్ ఎంఆర్‌ఎన్‌ఏని ఎలుక లింఫోసైట్లలోకి పంపారు. అంటే మొదట తట్టిన తలుపే రోగనిరోధక కణానిది. దాదాపు యాభై ఏళ్లు కావస్తోంది. ఇన్నేళ్లలో ఎన్ని రేణువులు దారి తప్పి, ఎవరి నోటుబుక్‌లోనో మిగిలిపోయి ఉంటాయో! కాలేయానికే పోయిందని పక్కన పడేసిన మిశ్రమాలు నా ఒక్కదాని దగ్గరే మూడు నోటుబుక్కుల నిండా ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి ఇప్పుడు ఎవరో మళ్లీ మొదటినుంచి చేస్తూ ఉండే ఉంటారు.

మా ల్యాబ్ వరకు మేం పని మొదలుపెట్టాం. ఆ పేపర్‌కి వాడిన ఎలుకల కణజాలం ఇంకా మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంది. దాంట్లోంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, అవయవాల వారీగా, వేరుచేసి దాచిన టి కణాలతో సహా, ఎక్కించిన మోతాదులో వంతుగా లెక్క కట్టాం. ఒకే గ్రాఫ్‌లో గీశాం. కాలేయం గీత కాగితం పైదాకా పోయింది. దాని పక్కన టి కణాల గీత కనబడాలంటే స్కేలుని మధ్యలో విరిచి గీయాల్సి వచ్చింది. చూడటానికి బాధగానే ఉంది. సవరణగా ఆ పత్రికకి పంపాం. మూడు నోటుబుక్కుల్లోని మిశ్రమాల లెక్కలు కూడా ఎవరైనా దించుకునేలా ఈ ఏడాదిలోపు బయట పెడతాం. మీ దగ్గరున్నవీ పెట్టండి.

వచ్చే నెల మొదటి వారంలో ఆవిడ మళ్లీ రక్తం ఇవ్వడానికి వస్తారు. కొత్త గ్రాఫ్ ప్రింట్ తీసి, అంకెలు పెద్దక్షరాల్లో రాసి, నా టేబుల్ సొరుగులో పెట్టాను.

ఇట్లు,
మీ తోటి పరిశోధకురాలు